ఆకుపచ్చ సింహం సూర్యుణ్ణి ఎందుకు మింగుతోంది?

కథల సాయంత్రం రాసినది:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక సందేహం వారం రోజులుగా వదలడం లేదు, అందుకే రాస్తున్నాను.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. రాత్రి పడుకునే ముందు సి.ఎస్. లూయిస్ నార్నియా కథల్లో మొదట అచ్చయిన పుస్తకం, 1950 నాటిది, తెలుగులో చెప్పుకుంటూ చదువుతున్నాను. అందులో మంత్రగత్తె తనకి ఎదురు తిరిగినవాళ్ళందరినీ రాళ్ళుగా మార్చి కోటలో నిలబెడుతుంది. చివర్లో అస్లాన్ అనే సింహం వచ్చి ఒక్కొక్క బొమ్మ మీదా ఊపిరి ఊదుతుంది. ముందు ఊదిన బొమ్మ కూడా సింహానిదే. ఒక్క క్షణం ఏమీ జరగదు. తర్వాత తెల్లటి పాలరాతి వీపు మీద సన్నటి బంగారు గీత పాకుతుంది. కాగితం అంచుకి నిప్పు అంటుకుని పాకినట్టు ఆ రంగు ఒళ్ళంతా పరుచుకుంటుంది. రాతి జూలు కదులుతుంది. మా వాడు దుప్పటి తీసేసి లేచి కూర్చున్నాడు. "అమ్మా, రాయి ముందు బంగారం అయి, ఆ తర్వాత సింహం అయిందా?" అన్నాడు. నేను పేజీ వంక చూస్తూ ఉండిపోయాను.

అదే వారం లైబ్రరీలో రసాయనశాస్త్ర చరిత్ర మీద ఒక పుస్తకం తిరగేస్తుంటే ఇంకో సింహం కనిపించింది. 1550లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన 'రోసారియం ఫిలాసఫోరమ్' అనే రసవాద గ్రంథంలోని బొమ్మ అది. సింహం సూర్యుణ్ణి నోట కరుచుకుని ఉంది. సూర్యుడికి మనిషి ముఖం ఉంది, రక్తం కారుతోంది. ఆ సింహం రంగు ఆకుపచ్చ అని కింద రాశారు. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే కాకి, హంస, నెమలి, తన రొమ్ము చీల్చుకుని పిల్లలకి రక్తం తాగించే పెలికాన్, రాజుని తింటున్న తోడేలు.

బంగారం చేయాలనుకున్నవాళ్ళ పుస్తకాల్లో ఇన్ని జంతువులు ఎందుకండీ? ఇది పరాయివాళ్ళకి అర్థం కాకుండా పెట్టుకున్న గుర్తుల భాష అని కొందరు, మనసులోని దశలని కొందరు రాశారు. నాకు ఏ ఒక్కటీ పూర్తిగా అనిపించలేదు. లూయిస్ సింహానికీ ఈ పచ్చ సింహానికీ ఏమైనా చుట్టరికం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, మా వాడికి జవాబు బాకీ ఉన్నాను.

తీరం రాసినది:

మనసులోని దశలే అండీ. మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1944లో 'సైకాలజీ అండ్ ఆల్కెమీ' అని పెద్ద పుస్తకమే రాశారు. ఆ రసవాదులు కొలిమి ముందు కూర్చుని తమ మనసులో జరిగేదాన్నే లోహాల్లో చూశారని ఆయన వాదన. సింహం అంటే ఇంకా మచ్చిక కాని కోరిక, సూర్యుడు అంటే తెలివి. కోరిక తెలివిని మింగడమే ఆ బొమ్మ. కాకి నలుపు, హంస తెలుపు, చివర్లో ఎరుపు, ఇవన్నీ మనిషి మారే మెట్లు. బంగారం అనేది వట్టి సాకు.

గీటురాయి రాసినది:

సాయంత్రం గారూ, మీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను. ఫోన్లో టైపు చేస్తే సరిపోదని ఈ రోజు పని అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

తీరం గారు బంగారం వట్టి సాకు అన్నారు. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. మాది ప్రొద్దుటూరు. మా నాన్న బంగారం పని చేసేవారు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఇంటి డాబా గుర్తొచ్చింది.

ఏడాదికి రెండుసార్లు నాన్న పాత ముక్కలు, ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి, దుకాణం ఊడ్చి దాచిన దుమ్ములోంచి ఏరినది, అంతా కలిపి శుద్ధి చేసేవారు. ఇంట్లో చేస్తే అమ్మ ఊరుకోదు, డాబా మీదే. పింగాణీ గిన్నెలో వేసి, మూడు వంతుల హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఒక వంతు నైట్రిక్ యాసిడ్ పోసి, ఇసుక పోసిన పళ్ళెంలో పెట్టి సన్నటి సెగ తగిలించేవారు. దాన్నే ఆక్వా రీజియా అంటారు. మా స్కూలు పుస్తకంలో ద్రవరాజం అని ఉండేది. గోధుమరంగు పొగ లేచేది. నాన్న గాలి ఎటు వీస్తోందో చూసి రెండో వైపు నిలబడేవారు, నన్ను మెట్ల దగ్గరే ఆపేసేవారు. (చదివేవాళ్ళు ఎవరూ ఇది ఇంట్లో చేయకండి. ఆ పొగ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. నాన్నకి ఆ దగ్గు చివరిదాకా పోలేదు.)

కాసేపటికి గిన్నెలోకి తొంగి చూసి ఆయన ఒకటే మాట అనేవారు: "తినేసింది."

గమనించండి, "కరిగింది" అనలేదు. మన భాషలో యాసిడ్ తింటుంది. తుప్పు ఇనుముని తింటుంది. ఇందులో కవిత్వం ఏమీ లేదు, పనివాళ్ళు రోజూ అనే మాట. మరి తినేదానికి నోరు ఉండాలి కదా. దేనికీ లొంగని లోహాన్ని తినేది ఏ జంతువై ఉండాలి? విడిగా నైట్రిక్ యాసిడ్ వెండిని తింటుంది, రాగిని తింటుంది, బంగారం జోలికి పోదు. రెండూ కలిసినదే బంగారాన్ని ముట్టుకుంటుంది. ఆ పాత పుస్తకాల్లో సూర్యుడు అంటే బంగారం, చంద్రుడు అంటే వెండి, శని అంటే సీసం, కుజుడు అంటే ఇనుము. సూర్యుణ్ణి తినగలిగిన జంతువు సింహం కాక ఇంకేమవుతుంది?

ఇక ఆకుపచ్చ. వట్టి బంగారం ద్రవరాజంలో కరిగితే రంగు పసుపు. కానీ నగల బంగారంలో రాగి ఉంటుంది. రాగి కరిగితే వచ్చే రంగు ఆ పసుపుతో కలిసి గిన్నె నిండా ఆకుపచ్చ అవుతుంది. మా డాబా మీద నేను చూసిన సింహం రంగు అదే. గిన్నె అడుగున తెల్లగా విరిగిన పాలలా కొంచెం మిగిలేది, అది వెండి.

ఇంకో సంగతి ఉంది. బంగారాన్ని మళ్ళీ బయటికి తీయడానికి నాన్న వాడింది అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. లేత ఆకుపచ్చ పలుకులు, చూడ్డానికి పటికబెల్లంలా ఉంటాయి. ఆ నీళ్ళు పోయగానే పచ్చటి ద్రావకం మసకబారి, బురదలా అయిపోయి, గోధుమరంగు మడ్డి మెల్లగా కిందికి దిగేది. యూరప్‌లో సుమారు 1300 నాటికే నైట్రిక్ యాసిడ్ తయారు చేసే పద్ధతి రాసిపెట్టారు. అన్నభేది లాంటి లవణాల్ని సురేకారంతో కలిపి కాచి, ఆ ఆవిరిని చల్లబరిచి దించడం, అందులో నవాసాగరం కలిపితే బంగారాన్ని కరిగించేది రావడం. అంటే ఆ సింహం పుట్టింది కూడా పచ్చటి రాళ్ళలోంచే. అందుకే కొంతమంది అన్నభేదినే ఆకుపచ్చ సింహం అన్నారు. ఇంకొందరు ఆ పేరు వేరే ఖనిజాలకి పెట్టారు. ఒకే జంతువు అన్ని పుస్తకాల్లోనూ ఒకే పదార్థం కాదు, అది గుర్తు పెట్టుకోవాలి. 15వ శతాబ్దంలో ఇంగ్లండులో బ్రిడ్లింగ్టన్ మఠానికి చెందిన జార్జ్ రిప్లీ ఆ సింహం గురించి రాశాడు. ఆయన్ని చదివి ఐజాక్ న్యూటన్ నోట్లు రాసుకున్నాడు. ఆ కాగితాలు 1936లో వేలానికి వచ్చినప్పుడు ఆర్థికవేత్త కీన్స్ చాలా వాటిని కొని చెదిరిపోకుండా కాపాడారు. ఆ పని చేసినందుకు ఆయనంటే నాకు ఎంతో గౌరవం.

అయితే ఇది రసాయనాల గుట్టు మాత్రమేనా? అలా అంటే కూడా నాకు తృప్తి ఉండదు. ఆ గోధుమరంగు మడ్డి దిగడానికి రాత్రంతా పట్టేది. ఆ రాత్రి ఇంట్లో బంగారం అనేది ఎక్కడా లేదు. గిన్నెలో ఉన్నది మురికినీళ్ళు. అందులో ఉన్నది మా సొంతం కూడా కాదు, సగం పక్క దుకాణాల వాళ్ళది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే, అయినా నాన్న ఆ రాత్రి నిద్రపోయేవారు కాదు. డాబా మీద గిన్నె పక్కన చాప వేసుకుని, మధ్యమధ్యలో టార్చి వేసి చూసేవారు. పొద్దున మడ్డిని నాలుగైదు సార్లు కడిగి, ఆరబెట్టి, వెలిగారం వేసి మూసలో పెట్టి ఊదేవారు. మడ్డి ఎర్రబడి, ఒక్కచోటికి చేరి, గుండ్రంగా కదలడం మొదలుపెట్టేది. అప్పుడు ఆయన ముఖం చూడాలి.

తీరం గారు చెప్పిన మెట్లు ఆ రాత్రిలోంచి వచ్చాయని నేను అనుకుంటాను. కాకి నలుపు మనసులో మొదట పుట్టలేదు, గిన్నెలో పుట్టింది. దాని పక్కన కూర్చున్నవాడికి అది మనసులోకి వచ్చింది.

కాకిబంగారం రాసినది:

గీటురాయి గారూ, "తినేసింది" అన్న మాట చదివి నా చదువు రోజులు గుర్తొచ్చాయి. నేను ఆయుర్వేదం చదివాను, రసశాస్త్రం, అంటే పాదరసంతో, లోహాలతో మందులు చేసే విద్య, మాకు ఒక సబ్జెక్టు. మాది గూడూరు దగ్గర పల్లె. అభ్రకం గనుల ప్రాంతం. మా అమ్మమ్మ అభ్రకాన్ని కాకిబంగారం అనే అనేది, అందుకే ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నాను.

మా పాఠాల్లో సింహం తగల్లేదు కానీ ఆ తిండి మాత్రం అచ్చంగా ఉంది. పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు, అంటే దాన్ని సిద్ధం చేసే పనులు, చెబుతారు. వాటిలో ఒకటి దీపనం, అంటే ఆకలి పుట్టించడం. ఆకలి పుట్టిన పాదరసాన్ని బుభుక్షిత పారదం అంటారు. దానికి ముఖం వచ్చిందంటారు. బంగారాన్ని గ్రాసంగా, అంటే ముద్దలుగా పెడతారు. తిన్నది అరగడం జారణ. అక్కడ సూర్యుణ్ణి తిన్నది సింహం, ఇక్కడ పాదరసం. పాదరసంలో బంగారం ముక్క వేసి చూసిన ఎవరికైనా ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు. ముక్క తెల్లబడి, మెత్తబడి, లోపలికి పోతుంది.

ఇంకో మాట పక్షచ్ఛేదం. పాదరసం వేడి తగిలితే ఎగిరిపోతుంది కదా, దాని రెక్కలు కత్తిరించాలి. రెక్కలు కత్తిరించకుండా పాదరసాన్ని బంధించాలనుకునేవాడి ప్రయత్నం వృథా అని 'రసహృదయ తంత్రం' అనే పాత రసశాస్త్ర గ్రంథం చెబుతుంది. జర్మనీలో 1617లో మైకేల్ మాయర్ అనే వైద్యుడు 'అటలాంటా ఫ్యూజియెన్స్' అని 50 బొమ్మల పుస్తకం వేశాడు. అందులో రెక్కలున్న సింహం, రెక్కల్లేని సింహం ఎదురెదురుగా ఉన్న బొమ్మ ఒకటి ఉంది. ఎగిరిపోయేది, నిలిచి ఉండేది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న గొడవలోకి నేను వెళ్ళను. రెండు చోట్లా పదార్థం ఎగిరిపోయింది, రెండు చోట్లా రెక్కలు కనిపించాయి.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం అభ్రకం పరీక్ష. నిప్పుల మీద వేస్తే పొరలు పొరలుగా విడిపోయేది పినాకం. పాములా బుస కొట్టేది నాగం. కప్పలా ఎగిరిపడేది మండూకం. ఏమీ కాకుండా నిశ్చలంగా ఉండేది వజ్రం, మందుకి పనికొచ్చేది అదే. మా మేడమ్ ప్రాక్టికల్స్‌లో చేతికి పటకారు ఇచ్చి, "చూడొద్దు, ముందు విను" అన్నారు. కళ్ళు మూసుకున్నాను. కొలిమిలో చిటపటలు, వాటి మధ్యలో ఒక సన్నటి బుస. ఆ తర్వాత నాగాభ్రం అన్న పేరు నేను బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

మంటల కొలతలకి కూడా జంతువులే: గజపుటం, వరాహపుటం, కుక్కుటపుటం, కపోతపుటం. గజపుటానికి గొయ్యి నిండా పిడకలు పేర్చి, పైన మళ్ళీ అందులో సగం పేర్చాలి. కపోతపుటానికి ఎనిమిది పిడకలు చాలు. ఏనుగంత మంట, పావురమంత మంట. థర్మామీటర్ లేని రోజుల్లో శిష్యుడికి ఇంతకంటే బాగా ఎలా చెబుతారు?

మూడో అర రాసినది:

నేను ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెబుతాను, కాబట్టి సాయంత్రం గారి రెండో ప్రశ్నకి వస్తాను.

అస్లాన్ ఊదిన ఊపిరికి ఒక పాత పూర్వీకుడు ఉన్నాడు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకులో 'ఫిజియోలోగస్' అనే చిన్న పుస్తకం వచ్చింది. ఒక్కో జంతువు స్వభావం చెప్పి, దానికి క్రైస్తవ అర్థం చెప్పే పుస్తకం. దాని ప్రకారం సింహం పిల్లలు చచ్చి పుడతాయి. తల్లి మూడు రోజులు కాపలా కాస్తుంది. మూడో రోజు తండ్రి వచ్చి ముఖం మీద ఊదితే ప్రాణం వస్తుంది. నిజమైన సింహాలు అలా చేయవు. కానీ మధ్యయుగంలో చదువుకున్నవాళ్ళందరికీ ఆ ఊపిరి తెలుసు. మూడో రోజున క్రీస్తు తిరిగి లేవడానికి అది గుర్తు. లూయిస్ మధ్యయుగ సాహిత్యం పాఠాలు చెప్పి బతికినవాడు. అస్లాన్ చనిపోయి తిరిగి లేస్తాడు, ఆ వెంటనే వెళ్ళి చల్లబడిన రాళ్ళ మీద ఊదుతాడు. చుట్టరికం అక్కడ గట్టిగా ఉంది. అస్లాన్ అంటే టర్కీ భాషలో సింహమే.

లూయిస్‌కి ఇంకో దగ్గరి సింహం కూడా ఉంది. ఆయన స్నేహితుడు చార్లెస్ విలియమ్స్ 1931లో 'ది ప్లేస్ ఆఫ్ ది లయన్' అనే నవల రాశాడు. అందులో ఒక ఇంగ్లీషు పల్లెలోకి సింహం వస్తుంది. ఒక సింహం కాదు, సింహాలన్నిటి వెనకా ఉన్న బలమే వస్తుంది. లూయిస్ 1936లో అది చదివి విలియమ్స్‌కి ఉత్తరం రాశాడు, వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

బంగారం విషయానికొస్తే, నార్నియా చదివేవాళ్ళు 1952లో వచ్చిన సముద్రయానం పుస్తకం దాకా ఆగాలి. అందులో ఒక దీవిలో చిన్న కొలను ఉంటుంది. నీళ్ళ అడుగున బంగారు మనిషి బొమ్మ పడి ఉంటుంది. ఆ నీళ్ళలో ముంచిన కొమ్మ బంగారమైపోతుంది, ప్రయాణికుల్లో ఒకడైన ఎడ్మండ్ బూట్ల ముందు భాగం బంగారమైపోతుంది. అప్పుడు వాళ్ళకి అర్థమవుతుంది, కింద ఉన్నది బొమ్మ కాదు, ఈతకి దూకిన మనిషి. అది తెలిసి కూడా దీవి నాదంటే నాదని కత్తుల మీద చేతులు వేస్తారు. ఆ క్షణంలో కొండవాలు మీద అస్లాన్ నడుచుకుంటూ వెళతాడు. ఒక్క మాట మాట్లాడడు. వాళ్ళకి దీవి సంగతే సరిగ్గా గుర్తుండదు.

మీ బాబు అడిగినదానికి నా జవాబు ఇదండీ. రాయి బంగారం కాలేదు, బంగారం రంగున్న ప్రాణం రాతిలోకి వచ్చింది. ఆ దీవిలో జరిగేది దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి, అక్కడ ప్రాణమున్న మనిషి బంగారమై చచ్చిపోతాడు. ఒకే రంగుని లూయిస్ రెండు చోట్ల రెండు విధాలుగా వాడాడు. అందుకే ఆయన సింహం రసవాదుల సింహం కాదని నా అభిప్రాయం. వాళ్ళ సింహం బంగారాన్ని తింటుంది. ఈయన సింహం మనుషుల్ని బంగారం దగ్గర్నుంచి తప్పిస్తుంది.

కథల సాయంత్రం రాసినది:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదండీ, అందరికీ కృతజ్ఞతలు. గీటురాయి గారి డాబా కథ నిన్న రాత్రి మా వాడికి నార్నియా బదులు చెప్పాను. మీ నాన్నగారు టార్చి వేసి చూసే చోట వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కాకిబంగారం గారి కప్ప అభ్రకం కూడా చెప్పాను. ఈ రోజు స్కూలుకి వెళుతూ ఏనుగంత మంట ఎంత ఎత్తు ఉంటుందని అడుగుతూనే ఉన్నాడు.

వాడికి ఇంకో సందేహం. పుస్తకంలో తోడేలు రాజుని తింటున్న బొమ్మ ఫోన్లో చూపించాను. ఆ రాజు కూడా బంగారమేనా అని అడిగాడు. అయితే ఆ తోడేలు ఎవరు?

గీటురాయి రాసినది:

బాబు సరిగ్గా పట్టుకున్నాడు. రాజు బంగారమే. తోడేలు సుర్మా రాయి, అంటే పాతకాలంలో నూరి కళ్ళకి పెట్టుకున్న నల్లటి అంజనం. ఆంటిమనీ, గంధకం కలిసిన ఖనిజం. ఆ రోజుల్లో బంగారాన్ని శుద్ధి చేసే దారుల్లో ఇదొకటి.

మలినాలున్న బంగారాన్ని ఆ రాయితో కలిపి మూసలో కరిగిస్తారు. రాయిలోని గంధకం రాగినీ వెండినీ పట్టుకుని పైకి తేలుతుంది. బంగారం ఆంటిమనీతో కలిసి అడుక్కి దిగుతుంది. చల్లారాక పగలగొడితే అడుగున తెల్లటి గట్టి ముద్ద దొరుకుతుంది, పసుపు మచ్చ కూడా కనపడదు. రాజు తోడేలు కడుపులో ఉన్నాడు. ఆ ముద్దని మళ్ళీ మంటలో పెట్టి పైనుంచి గాలి ఊదితే ఆంటిమనీ తెల్లటి పొగై పోతుంది. తోడేలు కాలిపోయాక మిగిలేది బంగారం. మచ్చ లేకుండా రావాలంటే మూడుసార్లు చేయమని పాత పుస్తకాలు చెబుతాయి. నాన్న ఈ పద్ధతి ఎప్పుడూ చేయలేదు, నేను చదివి తెలుసుకున్నదే. ఆయన ఉండగా తెలిసుంటే ఆయనకి చెప్పేవాణ్ణి, ఎంతో ఇష్టంగా వినేవారు.

మీరు చూసిన బొమ్మ కాకిబంగారం గారు చెప్పిన మాయర్ పుస్తకంలోది అయితే, అందులో 24వది అది. ఫోన్లో కొంచెం పెద్దది చేసి బాబుకి చూపించండి. ముందు నేల మీద పడి ఉన్న రాజు, మీద తోడేలు, అదే కంటికి తగులుతుంది. దూరంగా వెనకాల ఒక మంట ఉంటుంది, అందులో అదే తోడేలు కాలుతుంటుంది. ఆ మంట పక్కనే, చాలా చిన్నగా, రాజు లేచి నడిచి వెళుతుంటాడు.